నర్సమ్మ డైరీలు: సొంత రాత ఇంకొకరికి పనికొస్తుందా?

స్వీయచరిత్రలు, డైరీలు, ఉత్తరాలు, పాత కుటుంబ కాగితాలు సరిచూసి అచ్చుకు సిద్ధం చేయడం నా వృత్తి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది రిటైరైన టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు. సొంత డబ్బుతో పుస్తకం వేసుకుని, ఒక సభ పెట్టుకుని, బంధువులకీ స్నేహితులకీ పంచుతారు. మిగిలిన కట్టలు మంచం కిందకి చేరతాయి. ఇక్కడ రాస్తున్న కేసు విశాఖ మన్యంలో ఏఎన్ఎంగా, అంటే ఊరూరా తిరిగి టీకాలు, కాన్పులు చూసే ప్రభుత్వ నర్సుగా పనిచేసి రిటైరైన ఒకావిడది. కొండ ఊళ్లలో అందరూ ఆవిడని నర్సమ్మ అనే పిలిచేవారు, నేనూ అదే పేరు వాడతాను. ఆవిడ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊళ్లు, మనుషులు గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

పుస్తకానికి డబ్బు పెట్టేది కొడుకు. తల్లి డెబ్భయ్యో పుట్టినరోజుకి పుస్తకం చేతిలో ఉండాలని అతని కోరిక. ఆవిడకి మాత్రం ఇదంతా దండగ అనిపించింది. "నా రాతలు మా ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికి కావాలి బాబూ?" అన్నారు.

దాదాపు ప్రతి కేసులోనూ ఈ ప్రశ్న వస్తుంది. మొహమాటానికి "అలా అనకండమ్మా, మీ జీవితం ఎందరికో స్ఫూర్తి" అనేస్తే నా పని తేలికవుతుంది. నేను అనను. నా దగ్గరికి వచ్చిన రాతప్రతుల్లో చాలా వాటిలో కుటుంబం దాటి ఎవరికైనా అక్కరకొచ్చే సంగతులు పెద్దగా ఉండవు. వాటిని కుటుంబం కోసమే అందంగా వేసి ఇస్తాను, అదీ మంచి పనే. కానీ కుటుంబం దాటి వెళ్లగలిగిన రాతని కూడా అదే మూసలో పోసేస్తే నష్టం. ఈ కేసులో అదే జరగబోయింది.

చేతికొచ్చిన రాతప్రతి

కొడుకు డీటీపీ చేయించి తెచ్చిన ప్రతికి "నా సేవా ప్రస్థానం" అని పేరు పెట్టారు. బాల్యం, తండ్రి క్రమశిక్షణ, ట్రైనింగ్, పెళ్లి, ఉద్యోగంలో చేరిక, ఆగస్టు 15న కలెక్టర్ చేతుల మీదుగా ప్రశంసాపత్రం, తీర్థయాత్రలు, చివర యువతకు సందేశం. భాష శుభ్రంగా ఉంది. తప్పులు కూడా తక్కువే. కానీ "ఎన్నో కష్టనష్టాలకోర్చి విధి నిర్వహణ చేశాను", "గిరిజన సోదర సోదరీమణుల మన్ననలు పొందాను" లాంటి వాక్యాలే పేజీల నిండా. ఆవిడ పేరు తీసేసి ఇంకే శాఖలో ఉద్యోగి పేరు పెట్టినా ఆ పేజీలు అలాగే సరిపోతాయి. ఇలాంటి ప్రతి చూసినప్పుడు నేను చేసే మొదటి పరీక్ష కూడా ఇదే: పేరు మార్చి చదవడం.

ఒక్క చోట మాత్రం ఆగాను. వానాకాలంలో వాగు పొంగి అవతలి ఊళ్లోనే ఉండిపోవాల్సి వచ్చిందనీ, టీకాల డబ్బాలో ఐసు కరిగిపోతుందని రాత్రంతా టెన్షన్ పడ్డాననీ ఒక వాక్యం ఉంది. అది ఏ సంవత్సరం, ఏ టీకాలు, మర్నాడు వాటిని ఏం చేశారు అని అడిగాను. ఆవిడ ఆలోచించకుండా, "డైరీలో ఉంటుంది" అన్నారు.

డైరీలున్న సంగతి కొడుక్కి తెలుసు. వాటికీ పుస్తకానికీ సంబంధం ఉంటుందని అతనికి తోచలేదు, ఆవిడకీ తోచలేదు. ఎల్ఐసీ ఏజెంటు ఇచ్చినవి, మందుల కంపెనీలవాళ్లు ఇచ్చినవి, డైరీ దొరకని ఏడాది పాత రిజిస్టర్ వెనక ఖాళీ కాగితాలు. పాత దుప్పట్లో మూటగట్టి అటక మీద పెట్టారు. కొన్నిటికి చెద పట్టింది.

అవి ఎందుకు రాశారంటే మనసు విప్పుకోడానికేమీ కాదు. ప్రతి నెలా టూర్ ప్రోగ్రాం ఇవ్వాలి, ప్రయాణ ఖర్చులకి టీఏ బిల్లు పెట్టాలి. ఏ రోజు ఏ ఊరు వెళ్లిందీ, ఎంత ఖర్చయిందీ రాసిపెట్టుకోకపోతే బిల్లు వెనక్కి వస్తుంది. అలా మొదలైన రాత, తర్వాత అలవాటై, పక్కన నాలుగు ముక్కలు చేరుతూ పోయింది.

డైరీల్లో ఉన్నది

కొండ ప్రాంతాల్లో 3,000 మంది జనాభాకి ఒక సబ్‌సెంటర్, అంటే ఏఎన్ఎం ఉండే ఆరోగ్య ఉపకేంద్రం, ఉండాలని లెక్క, మైదానంలో అయితే 5,000. కాగితం మీద కొండ ఏఎన్ఎం పని తక్కువలా కనిపిస్తుంది. కానీ ఆ 3,000 మంది ఇరవై ముప్ఫై ఇళ్లున్న చిన్న చిన్న ఊళ్లలో, గట్ల మీద చెదిరి ఉంటారు. డైరీలో మొదట కళ్లకి కట్టేది ఈ నడకే. ఏ ఊరికి ఎటు వెళితే దగ్గర, ఏ నెలలో ఆ దారి ఉండదు, జీపు ఎక్కడిదాకా వస్తుంది, ఎక్కడ దిగి నడవాలి, ఆ జీపువాడు ఎంత తీసుకున్నాడు. ఇవన్నీ టీఏ బిల్లు పుణ్యమే.

రెండోది సంత. మన రాష్ట్రంలో టీకాలకి బుధవారం, శనివారం పెట్టుకోవడం వాడుక. నర్సమ్మ తిరిగిన ఊళ్లలో కొన్నిటికి సంత కూడా ఆ రోజే పడేది. టీకాల డబ్బా మోసుకుని కొండెక్కితే ఊళ్లో ముసలివాళ్లు, కుక్కలు తప్ప ఎవరూ లేరని డైరీలో పదే పదే వస్తుంది. పోడు పనుల రోజుల్లోనూ అంతే. కొన్నాళ్లకి ఆవిడ డబ్బా తీసుకుని నేరుగా సంతకే వెళ్లడం మొదలుపెట్టారు. పసుపు, రాజ్మా, పిప్పళ్లు అమ్ముకోడానికి దిగిన తల్లుల చంకల్లో పిల్లలుంటారు కదా. రిజిస్టర్‌లో ఆ టీకాలు ఊరి పేరు మీద, ఊళ్లో వేసినట్టే ఎక్కాయి, ఎందుకంటే ఫారంలో సంత అనే గడి లేదు. ఆ రికార్డుని ఇవాళ ఎవరైనా తిరగేస్తే, ఫలానా ఊరికి ఆరోగ్య సిబ్బంది క్రమం తప్పకుండా వెళ్లారు, జనం ఊళ్లోనే ఉండి వేయించుకున్నారు అనుకుంటారు. రెండూ జరగలేదు. పిల్లలకి టీకాలు మాత్రం పడ్డాయి. అదెలా పడిందన్న సంగతి ఈ ఎల్ఐసీ డైరీలో తప్ప ఎక్కడా లేదు.

మూడోది జనవరి నుంచి మార్చి దాకా ఉన్న పేజీలు. కుటుంబ నియంత్రణకి ఒక్కో ఉద్యోగికి ఇన్ని ఆపరేషన్ కేసులు తేవాలని టార్గెట్లుండే కాలం అది. 1996 ఏప్రిల్‌లో దేశమంతటా ఆ టార్గెట్లు ఎత్తేశారు. అంతకుముందు ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా లెక్క పూర్తిచేయాలని చివరి మూడు నెలలూ పరుగులే. ఆ నెలల్లో ఆవిడ చేతిరాత కూడా మారుతుంది, ముక్కలు ముక్కలుగా ఉంటుంది. మీటింగులో ఏమన్నారు, ఒకే కేసుని టీచరూ తనూ ఎలా పంచుకోవాల్సి వచ్చింది, ఎవరి ఇంటికి ఎన్నిసార్లు తిరిగింది, తిరిగి తిరిగి వాళ్ల ఎదుట ఎలా సిగ్గుపడింది, అన్నీ ఉన్నాయి. 1996 తర్వాత జనవరి పేజీలు మిగతా నెలల్లాగే మామూలుగా ఉంటాయి. ఒక విధాన నిర్ణయం ఒక మనిషి రోజు మీద ఎలా పడిందో ఇంత సూటిగా చూపించే కాగితం నేను ఇంకెక్కడా చూడలేదు.

మలేరియా సంగతి వేరే వ్యాసం రాయదగ్గంత ఉంది, ఇక్కడ క్లుప్తంగా. జ్వరం ఉన్నవాళ్ల వేలు పొడిచి స్లైడు తీసి, ముందుగానే క్లోరోక్విన్ మాత్రలిచ్చి, స్లైడుని పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) పంపేవారు. ఫలితం తిరిగి వచ్చేసరికి మనిషి కోలుకుని పోడుకైనా పోయి ఉండేవాడు, లేదా ఆ మనిషే ఉండేవాడు కాదు. డైరీలో స్లైడు తీసిన రోజూ ఉంది, ఫలితం వచ్చిన రోజూ ఉంది. రెంటి మధ్య ఎన్ని రోజులో లెక్కపెట్టుకోవచ్చు.

ఇక కాన్పులు. 2005లో ఆసుపత్రి కాన్పులకి డబ్బు సాయం చేసే జననీ సురక్ష యోజన, ఊళ్లలో ఆశా కార్యకర్తలు, ఆగస్టు 15న 108 అంబులెన్సులు, అన్నీ ఒకే ఏడాది మొదలయ్యాయి. కొండ మీదికి అవి చేరడానికి ఇంకొంత కాలం పట్టింది. డైరీల తొలి సగంలో కాన్పులన్నీ ఇళ్లలోనే. పిలుపొచ్చి తను చేరేసరికి బిడ్డ పుట్టేసి ఉండటం, బొడ్డు దేంతో కోశారో అడిగి రాసుకోవడం, కష్టమైతే డోలీ కట్టించడం, మోసినవాళ్లకి ఎంత ఇచ్చారో రాయడం. వాళ్లు ఆవిడకి పెట్టింది కూడా రాసుకున్నారు: ఒకచోట చోడి అంబలి, ఒకచోట పనసపండు.

వీటి మధ్య సొంత గోడు కూడా బోలెడుంది. జీతం ఆలస్యం, అత్తగారితో మాటపట్టింపు, తలనొప్పి, ఇల్లు కారడం, బదిలీ కోసం ఎవరినో బతిమాలడం. ఈ భాగాన్ని ఏం చేయాలన్నది తర్వాత చెబుతాను.

కాశీకి వెళ్లినాయన కొలత

ఇలాంటి రాతలు తూచడానికి నేను వాడే కొలబద్ద ఒకటుంది. ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. ఆయన మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రెటర్. 1830 మే 18న దాదాపు వందమంది పరివారంతో బయలుదేరి, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, పూరీ చూసుకుని, మన తీరం వెంబడి కిందికి దిగి, 1831 సెప్టెంబరు 3న తిరిగి మద్రాసు చేరారు. దారిలో రాసుకున్నది మద్రాసులో ఉన్న స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకి పంపుతూ వచ్చారు. వీరాస్వామయ్య 1836లో పోయారు. 1838లో ఆ స్నేహితుడే పుస్తకం అచ్చు వేయించారు.

ఆ రాతలో ఎక్కువ భాగం ఇవాళ్టి లెక్కన చాలా సాదా సంగతులు. ఎక్కడ మజిలీ చేశాం, ఆ ఊరు బస్తీనా పల్లెనా, బియ్యం, వంటసామాను దొరుకుతాయా, నది దాటడానికి ఏమున్నాయి, సుంకం చౌకీ ఎక్కడ, ఏ నాణెం ఎక్కడిదాకా చెల్లుతుంది, యాత్రికుల దగ్గర ఎంత గుంజుతున్నారు. మధ్యమధ్య వేదాంతం, సృష్టిక్రమం, ధర్మం గురించి పెద్ద పెద్ద చర్చలు. ఆయన స్థాయి పండితుడు ఏ భాగాన్ని విలువైనదనుకుని ఉంటారు? నా అంచనా, చర్చలనే. ఇవాళ పాఠకులు దాటేసి పోయేది సరిగ్గా ఆ భాగాన్నే. శ్రీశైలం అప్పటికి కందనూరు (కర్నూలు) నవాబు చేతిలో ఎలా ఉందో, కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) తిరుపతి ఆదాయం తీసుకుంటున్న రోజుల్లో అక్కడ ఏమేం రుసుములుండేవో తెలుసుకోవాలంటే మాత్రం ఇప్పటికీ ఆ మజిలీ కబుర్లే దిక్కు. 1839లో కర్నూలు కుంఫిణీ కిందికి పోయింది, 1843లో తిరుమల నిర్వహణ మహంతులకి, అంటే మఠాధిపతులకి వెళ్లింది. ఆ రెండు మార్పులకీ ముందు ఒక మనిషి స్వయంగా అక్కడ నిలబడి చూసి రాశాడు.

నన్ను ఇంకా ఎక్కువగా ఆకట్టుకునేది ఆ పుస్తకం ఉపయోగం చేతులు మారిన తీరు. 1838లో అది కాశీకి వెళ్లేవాడికి దారి చూపే పుస్తకం. రెండో ముద్రణ 1869లో వచ్చింది. 1870లో బొంబాయి కలకత్తాల మధ్య జబల్పూరు మీదుగా రైలు మార్గం పూర్తయింది. ఆ తర్వాత పల్లకీ మజిలీల వివరం యాత్రికుడికి అక్కర్లేకుండా పోయింది. అక్కడితో దాని పని అయిపోవాలి. కానీ 1941లో బెజవాడ వకీలు దిగవల్లి వేంకట శివరావు మూడో ముద్రణ తెచ్చారు, పీఠికతో, వివరణలతో. యాత్రికుడి చేతిలోంచి చరిత్రకారుడి చేతికి వచ్చింది. మొదటి పాఠకుడికి ఎంత కచ్చితంగా పనికొచ్చిందో, అదే కచ్చితత్వం రెండోవాడికీ అక్కరకొచ్చింది. పొగడ్తలూ ఉపదేశాలూ రాసి ఉంటే ఇద్దరికీ అక్కరకొచ్చేది కాదు.

ఇంకో ఉదాహరణ నర్సమ్మ వృత్తికే దగ్గరిది, అమెరికాది. మెయిన్ (Maine) అనే ప్రాంతంలో మార్తా బల్లార్డ్ అనే మంత్రసాని 1785 నుంచి 1812 దాకా డైరీ రాసింది. వాతావరణం, నూలు వడకడం, ఎవరి ఇంటికి కాన్పుకి వెళ్లింది, కెన్నెబెక్ నది మంచుమీద ఎలా దాటింది, ఎంత ఇచ్చారు. 816 కాన్పులు లెక్కకి వస్తాయి. ఆ డైరీని చూసిన పాత చరిత్రకారులు రోజువారీ చిల్లర సంగతులని పక్కన పెట్టేశారు. లారెల్ థాచర్ అల్రిచ్ అనే చరిత్రకారిణి ఆ చిల్లరనే ఓపికగా కూడి 1990లో పుస్తకం చేసింది, మరుసటి ఏడాది దానికి అమెరికాలో పేరున్న పులిట్జర్ బహుమతి వచ్చింది. ఇది నర్సమ్మగారికి చెప్పినప్పుడు పులిట్జర్ మాట ఆవిడకి ఎక్కలేదు. "మంచుమీద నడిచిందా? జారదూ?" అని అడిగారు. వాగు దాటిన మనిషి అడిగే ప్రశ్న అది.

ఏం ఉంచాం, ఏం తీశాం

ఈ కొలతతో చూస్తే పని తేలిపోయింది. డీటీపీ ప్రతిని పక్కన పెట్టి, పుస్తకాన్ని డైరీల మీద కట్టాలి. కొడుకు ఒప్పుకోలేదు. అతని కోపంలోనూ న్యాయముంది. తల్లి గొప్పతనం నలుగురికీ తెలియాలని అతను డబ్బు పెడుతుంటే, నేను ఐసు కరిగిన లెక్కలూ జీపు కిరాయిలూ వేద్దామంటున్నాను. "ఇది చదివి మా అమ్మ గురించి ఏమనుకుంటారు సార్? కేసుల కోసం ఇళ్ల చుట్టూ తిరిగిందనుకోరూ?" అన్నాడు. అనుకుంటారు, తిరిగింది కాబట్టి. నేను చెప్పింది ఒకటే: ప్రశంసాపత్రం ఫోటో చూసి ఆవిడ మంచి ఉద్యోగి అని ఒకరు చెప్పిన మాట నమ్మాలి. సంతలో టీకాలేసిన పేజీ చదివితే ఎవరూ చెప్పక్కర్లేదు.

నర్సమ్మగారు ముందు నవ్వారు, తర్వాత ఆలోచించి సరే అన్నారు. ఒక షరతు పెట్టారు, బాల్యం అధ్యాయం ఉండాలని. ఉంచాం. నిజానికి అందులో శ్రీకాకుళం వైపు పల్లెలో అమ్మాయిని ట్రైనింగ్‌కి పంపడానికి ఇంట్లో జరిగిన గొడవ ఉంది, అది తీసేయదగ్గది కాదు. యువతకు సందేశం తీసేశాం. తీర్థయాత్రల అధ్యాయం కుటుంబం కోసం విడిగా చిన్న పుస్తకంగా వేసి ఇచ్చాను, దాంతో కొడుకు కాస్త మెత్తబడ్డాడు.

సొంత గోడు విషయంలో నా తీర్పు చాలామంది ఎడిటర్లకి నచ్చదు. పాఠకుడికి గోడు అక్కర్లేదని మొత్తం కొట్టేసేవాళ్లున్నారు, గోడే అసలు సాహిత్యం అని అదే ఉంచేవాళ్లూ ఉన్నారు. నేను చూసేది ఆ గోడుకి తేదీ, కారణం ఉన్నాయా లేదా అని. జీతం మూడు నెలలు రాలేదని ఉంటే ఉంచాను, ఎందుకంటే ఆ మూడు నెలల్లో టూర్లు తగ్గాయి, దాని ఫలితం టీకాల్లో కనిపిస్తుంది. మనసు బాగోలేదు అని ఊరికే ఉన్న రోజులు తీసేశాను. అత్తగారు మొత్తం బయటికే. ఆవిడ గురించి ఒక పక్షం మాటే ఉంది, జవాబు చెప్పుకోడానికి ఆవిడ లేరు.

డైరీ భాష దిద్దలేదు. అక్షరదోషాలు సరిచేశాను, వాక్యాలు కలపలేదు. "ఊరు ఖాళీ. సంత. రెండు టీటీ. వెనక్కి" అని ఉంటే (టీటీ అంటే ధనుర్వాతం టీకా) అలాగే వదిలి, కింద చిన్న వివరణ ఇచ్చాను. ఆ వివరణలన్నీ ఆవిడ చెప్పగా రాసినవే. ఇది బాగా టైము తీసుకుంది. పుట్టినరోజు దాటిపోయింది.

పుస్తకం బయటికి వెళ్లాక

ఎంతమంది కొన్నారన్న లెక్క చెప్పుకోదగ్గది కాదు. ఎక్కువ కాపీలు పంచినవే. కాబట్టి విలువని ఆ దారిలో కొలవలేను. ఎవరు ఏ పేజీ కోసం వెతుక్కుంటూ వచ్చారన్నది చూస్తాను.

ఏఎన్ఎం ట్రైనింగ్‌లో పాఠాలు చెప్పే ఒకావిడ సంత పేజీలు జిరాక్స్ తీయించి క్లాసులో వాడుతున్నారు. పుస్తకం మొత్తం కాదు, ఆ పేజీలే. కొత్తగా పోస్టింగ్ వచ్చిన అమ్మాయిలు తమ ఏరియాలో సంత ఏ రోజో ముందు కనుక్కుంటున్నారట. ప్రజారోగ్యం చదివే ఒక విద్యార్థి 1996 ముందూ వెనకా జనవరి పేజీలు పోల్చి చూడటానికి వచ్చాడు. అతనికి అచ్చు పుస్తకం చాలలేదు, మూలం కావాలన్నాడు. తీసేసిన రోజులు కూడా అతనికి కావాలి, ఎందుకంటే ఖాళీ రోజులెన్నో తెలియకపోతే లెక్క నిలబడదు. ఆ మాట విన్నాక, ఏ డైరీలోంచి ఎన్ని రోజుల రాత వదిలేశామో చెప్పే పట్టిక ఒకటి తయారు చేయించాను.

మూడో మనిషి వస్తాడని ఎవరమూ అనుకోలేదు. కొండ ఊరి నుంచి ఒక కుర్రవాడు నర్సమ్మగారి ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. అతను పుస్తకం చదవలేదు. నర్సమ్మ దగ్గర పాత డైరీలున్నాయట అని ఎవరో చెప్పారు. అతనికి పుట్టిన తేదీ కావాలి. ఇంట్లో పుట్టాడు, అప్పట్లో ఎవరూ నమోదు చేయించలేదు. బళ్లో చేర్చినప్పుడు టీచరు ఒక తేదీ వేశారు, ఆధార్‌లో ఇంకో ఏడాది పడింది. తను పుట్టిన రోజు నర్సమ్మ వచ్చిందని తల్లికి గుర్తుంది, వలిసె పూసే కాలమనీ గుర్తుంది. ఆ రెండు ఆనవాళ్లు పట్టుకుని వెతికితే దొరికింది. తల్లి పేరు, మగబిడ్డ, తను చేరేసరికి పుట్టేశాడు, డోలీ అక్కర్లేకపోయింది. ఒక్క లైను.

ఆ లైను బర్త్ సర్టిఫికెట్ కాదని అతనికి ఇద్దరమూ వివరంగా చెప్పాం. ఏడాది దాటాక జననం నమోదు చేయాలంటే మేజిస్ట్రేట్ స్థాయి ఆర్డర్ ఉండాలి. అందుకు స్కూలు రికార్డు, ఊరివాళ్ల వాంగ్మూలం లాంటివన్నీ జత చేయాలి. ప్రైవేటు డైరీ ఒక్కటీ చూసి ఎవరూ ఆర్డర్ ఇవ్వరు. కానీ దరఖాస్తులో ఏ తేదీ వేయాలో ఇప్పుడు అతనికి తెలుసు, ఆ తేదీకి ఒక ఆధారం కూడా ఉంది. ఆ పేజీ నకలు మీద నర్సమ్మగారు సంతకం చేసి ఇచ్చారు. తర్వాత అదే ఊరి నుంచి ఇంకొందరు వచ్చారు. పుస్తకంలోంచి కాన్పుల పేజీలు ఎక్కువగా ఉన్నాయని నేను తగ్గించినవే వాళ్లకి కావలసినవి. అచ్చు పుస్తకానికి ఆ కోత సరైనదేనని ఇప్పటికీ అనుకుంటాను, అందరి కాన్పులూ బజార్లో పెట్టలేం కదా. వాటికి మూలం ఉంటే చాలు.

పేర్లు

అసలు చిక్కు ఇదే, పనిలో సగం టైము దీనికే పోయింది. ఏఎన్ఎం డైరీ అంటే సగం ఆవిడ జీవితం, సగం ఇతరులది. ఎవరికి టీబీ, ఎవరికి పెళ్లి కాకుండా కడుపు, ఎవరు ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో దాచారు. సొంత రాత రాసుకునే హక్కు ఆవిడకి ఉంది. పక్కింటి జబ్బు బయటపెట్టే హక్కు లేదు. హెచ్ఐవీ సంగతైతే 2017 చట్టం ప్రకారం తన దగ్గర నమ్మకంతో ఉంచిన ఆ సంగతి ఆ మనిషి అనుమతి లేకుండా చెప్పకూడదు.

పేర్లు మారిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఇరవై ఇళ్ల ఊళ్లో సరిపోదు. ఏడాది, ఊరు, రెండో కాన్పు అని చెబితే ఆ మనిషి ఎవరో ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది. అందుకే అచ్చులో ఒక్కో సంఘటనకి ఊరు ఉంచితే మనిషిని తీసేశాను, మనిషిని ఉంచితే ఊరూ ఏడాదీ తీసేశాను. రెండూ ఒకేచోట ఎక్కడా ఉండవు. కొన్ని మంచి కథలు దీనివల్ల పోయాయి. ఒకటైతే నాకు ఇప్పటికీ మనసులో ఉంది, కానీ ఏం చేసినా ఆవిడ ఎవరో తెలిసిపోతుంది.

పాతవాళ్లకి ఈ బాధ కాలమే తీర్చింది. పుదుచ్చేరి దుబాసీ ఆనందరంగ పిళ్లె 1736 నుంచి 1761 దాకా ఫ్రెంచి గవర్నరు డ్యూప్లేతో సహా అందరి గుట్టూ తన డైరీలో రాసిపెట్టాడు. 1846లో ఎవరో చూసేదాకా అది ఇంట్లోనే ఉంది. మద్రాసు ప్రభుత్వం దాన్ని ఇంగ్లీషులో 12 సంపుటాలుగా అచ్చు వేయడం మొదలుపెట్టింది 1904లో. అప్పటికి నొచ్చుకునేవాళ్లు ఎవరూ మిగల్లేదు. నర్సమ్మగారి డైరీల్లో మనుషులు మాత్రం వచ్చే సంతకి కూడా వస్తారు.

చివరికి ఒప్పందం ఇలా రాసుకున్నాం. అసలు డైరీలు కుటుంబం దగ్గరే ఉంటాయి. పూర్తి స్కాన్ రెండు కాపీలు, ఒకటి ఆవిడ దగ్గర, ఒకటి నా దగ్గర తాళంలో. పరిశోధకులకి పేర్లు, ఇంటి ఆనవాళ్లు మూసేసిన ప్రతి మాత్రమే చూపిస్తాం. తన పుట్టుక గురించో, తన తల్లి గురించో అడిగేవాళ్లకి ఆ లైను వరకే, నర్సమ్మగారి ఎదుట, నకలుతో సహా ఇస్తాం. ఆవిడ తర్వాత ఆ నిర్ణయం కూతురిది, కొడుకుది కాదు. ఆ మార్పు ఆవిడే చేయించారు. కొడుకు కూడా సంతకం పెట్టాడు. 1990ల నాటి ఒక డైరీ మాత్రం ఆవిడ స్కాన్‌కి ఇవ్వలేదు. ఎందుకో నాకు చెప్పారు, అది ఇక్కడ రాయను.